కుట్టేదేదో తెలియాలంటే ముందు దాన్ని పట్టుకోవాలి

మీరు రాసినదాని సారాంశం ఇది. శ్రీకాకుళంలో అద్దె ఇల్లు, మొదటి అంతస్తు. మూడు వారాలుగా మీకూ పాపకూ నడుము చుట్టూ, కాళ్ల మీద ఎర్రటి దద్దుర్లు. మీవారికి ఒక్కటీ లేదు. పురుగు మాత్రం కంటికి కనిపించలేదు. నల్లులే అని చెప్పి ఒకతను రెండుసార్లు మందు కొట్టి వెళ్లాడు, తగ్గలేదు. పడకగదిలో గోడవారన రెండు బస్తాల బియ్యం, ఊరి నుంచి తెచ్చుకున్న మినుముల సంచి ఉన్నాయి. కిటికీ పైన పావురాల గూడు. ఇంటివాళ్ల కుక్క మెట్ల మీదే పడుకుంటుంది.

ఈ నాలుగు మాటల్లోనే అనుమానించాల్సినవి నాలుగున్నాయి: మంచంలో నల్లి, గూటిలోంచి దిగే పురుగు, కుక్క మీద గెంతే ఫ్లీ అనే రక్తం తాగే చిన్న పురుగు, మినుముల సంచిలో కంటికి ఆనని నలుసు పురుగు. నాలుగింటికీ చేయాల్సిన పని వేరు. నల్లికి కొట్టిన మందు మినుముల సంచిలోని పురుగును తాకదు. గూడు అలాగే ఉంటే గదిలో ఎంత మందు కొట్టినా గూటి పురుగు దిగుతూనే ఉంటుంది. కాబట్టి మూడోసారి స్ప్రే కొట్టించకండి. ముందు ఒక్క పురుగునైనా పట్టుకోండి. ఆ ఒక్కటి దొరికితే మిగతా పని సగం అయినట్టే.

దద్దురును చూసి పురుగు పేరు చెప్పేవాళ్లను నమ్మకండి. చర్మ వైద్యులు కూడా ఇది పురుగు కుట్టినదే అని చెప్పగలరు గానీ, ఏ పురుగో చాలాసార్లు చెప్పలేరు. ఎందుకంటే ఆ దద్దురు పురుగు లాలాజలం పడక మన ఒళ్లు లేపేది. ఒకే మంచం మీద పడుకున్న ఇద్దరిలో ఒకరికి రూపాయి బిళ్లంత దద్దురు లేస్తే ఇంకొకరికి చుక్క కూడా రాకపోవచ్చు. మీవారికి దద్దుర్లు లేనంత మాత్రాన ఆయన్ని ఏదీ కుట్టడం లేదని కాదు. నల్లి కుట్టడం మొదలైన కొత్తలో కొందరికి పది, పద్నాలుగు రోజుల దాకా ఏ గుర్తూ రాదు. అందుకే 'నిన్న రాత్రి ఫలానా చోట పడుకున్నాం, అక్కడే అంటుకుంది' అనే లెక్క తరచుగా తప్పుతుంది. మూడు దద్దుర్లు ఒకే వరసలో ఉంటే నల్లే అనే మాట కూడా బాగా వినిపిస్తుంది. ఫ్లీలు కూడా అలాగే వరసగా కుడతాయి, కాబట్టి దాని మీద ఆధారపడవద్దు.

చర్మం పనికొచ్చే సంగతులు రెండే చెబుతుంది: ఎక్కడ, ఎప్పుడు. మోకాలి కింద, చీలమండల దగ్గరే ఎక్కువుంటే నేల మీద నుంచి గెంతేది గానీ, కాళ్లను వెతుక్కునే దోమ గానీ కావచ్చు. ముఖం, మెడ, చేతులు వంటి బట్ట లేని చోటే ఉంటే నల్లి, దోమ, నుసుము. లంగా బొందు, నడుము ఎలాస్టిక్, జాకెట్టు అంచు వంటి బిగువైన చోట్ల ఉంటే బట్టలోపల పాకే అతిచిన్న పురుగు. వేళ్ల సందులు, మణికట్లు, బొడ్డు, మర్మాంగాల దగ్గర రాత్రిపూట విపరీతమైన దురద, ఇంట్లో ఇంకొకరికి కూడా ఉంటే అది ఇంటి పురుగు కాదు, గజ్జి. దాని సంగతి కింద చెబుతాను. ఒక నోటు పుస్తకం పెట్టి కొత్త దద్దురు ఎప్పుడు కనిపించింది, అంతకుముందు ఏ గదిలో, ఏ కుర్చీలో, ఏ పక్క మీద ఉన్నారు, బియ్యం తీశారా, డాబా మీద బట్టలు ఎక్కడ ఆరేశారు అన్నవి రాయండి. వారం రోజులు రాస్తే ఒక చోటు బయటపడుతుంది. పాత దద్దుర్ల చుట్టూ పెన్నుతో గీత గీసుకుంటే ఏది కొత్తదో తెలుస్తుంది. లేకపోతే గోకడం వల్ల మళ్లీ ఉబ్బిన పాతదాన్ని కొత్తదనుకుంటారు.

ఇక పట్టుకోవడం. కావలసినవి రెండంగుళాల పారదర్శక సెల్లో టేపు, తెల్ల కాగితాలు, మూత గట్టిగా పట్టే చిన్న మందు సీసా, దానిలో సగం సర్జికల్ స్పిరిట్, ఒక టార్చి, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం. కంసాలులూ గడియారాలు బాగుచేసేవాళ్లూ కంటికి పెట్టుకునేది సరిపోతుంది. ఒంటి మీద ఏదైనా పాకినట్టు, గుచ్చినట్టు అనిపిస్తే చేత్తో రుద్దకండి, నలపకండి. ఆ చోట టేపు అద్ది, వెంటనే తెల్ల కాగితం మీద అంటించి, పక్కన తేదీ, సమయం, ఒంటి మీద ఏ చోటో రాయండి. నలిగిన పురుగును ఎవరూ గుర్తుపట్టలేరు. కాస్త పెద్దదైతే తడి దూది మొనతో తీసి స్పిరిట్‌లో వేయండి. ఫొటో తీసేటప్పుడు పక్కన జామెట్రీ బాక్సు స్కేలు పెట్టండి. కొలత తెలియని ఫొటో ఎంత బాగున్నా సగం పనికే వస్తుంది.

మంచానికి ఈ రాత్రే ఉచ్చు పెట్టవచ్చు. మంచాన్ని గోడ నుంచి జానెడు దూరం జరపండి. దుప్పటి, దోమతెర కొనలు నేలకు తగలకుండా పరుపు కిందికి మడిచి పెట్టండి. నాలుగు కోళ్ల కింద నాలుగు వెడల్పు ప్లాస్టిక్ గిన్నెలు పెట్టి, వాటి మధ్యలో ఒక్కో చిన్న గిన్నె బోర్లించకుండా ఉంచి, కోడును చిన్న గిన్నెలో నిలపండి. రెండు గిన్నెల లోపలి గోడలకూ టాల్కం పౌడరు పలచగా రాయండి. నేల మీద నుంచి మంచం ఎక్కబోయేది బయటి గిన్నెలో పడుతుంది. మంచంలోంచి దిగేది లోపలి గిన్నెలో పడుతుంది. బయటి గిన్నె గోడ వెలుపలి వైపు మాత్రం నున్నగా ఉండకూడదు. గరుకు గుడ్డ టేపు చుడితే పురుగు పైకెక్కి లోపల పడుతుంది, నున్నగా వదిలేస్తే ఎక్కకుండా పక్కకు పోవచ్చు. పౌడరు తప్పనిసరి. మన వైపు ఎక్కువగా ఉండే ఉష్ణమండల నల్లి, చలిదేశాల నల్లి కంటే నున్నటి గోడలను బాగా ఎక్కుతుంది. విదేశీ వీడియోల్లో చూపే ఉత్త ప్లాస్టిక్ గిన్నెలోంచి అది తేలిగ్గా బయటపడుతుంది. తేమకు పౌడరు ముద్ద కడుతుంది కనుక మూడు నాలుగు రోజులకొకసారి తుడిచి మళ్లీ రాయాలి.

ఎలుకల కోసం అమ్మే జిగురు అట్టలను ముక్కలుగా కోసి కిటికీ గుమ్మం మీద, ఏసీ కింద, బస్తాల పక్కన, గోడ మూలల్లో పెట్టండి. ఒక్కో ముక్క వెనక చోటు పేరు రాయండి. బల్లులు అంటుకుని చచ్చే ప్రమాదం ఉంది కాబట్టి వాటి మీద చీపురుపుల్ల పట్టేంత ఎత్తులో అట్ట కప్పు పెట్టండి. ఫ్లీ కోసమైతే, రాత్రి గది చీకటి చేసి నేల మీద తెల్ల పళ్లెంలో నీళ్లు, నాలుగు చుక్కల గిన్నెల సబ్బు ద్రవం వేసి, దాని మీద జానెడెత్తులో చిన్న బల్బు వెలిగించి ఉంచండి. ఫ్లీలుంటే వెలుతురు, వెచ్చదనం వైపు గెంతి నీళ్లలో మునుగుతాయి. ఇంకా త్వరగా తేలాలంటే మోకాళ్ల దాకా తెల్ల మేజోళ్లు వేసుకుని, కుక్క పడుకునే మెట్ల మీద, గదుల మూలల్లో నెమ్మదిగా పది నిమిషాలు తిరగండి. తెల్లటి బట్ట మీద నల్లటి చుక్కలు గెంతుతూ కనిపిస్తాయి.

ఎగిరేదా, పాకేదా తేల్చడానికి ఫ్యాను చాలు. రెండు రాత్రులు టేబుల్ ఫ్యాను గట్టిగా మంచం మీదికే తిప్పకుండా పెట్టి పడుకోండి. దోమ, నుసుము, ఇసుక ఈగ ఆ గాలిలో నిలవలేవు. కుట్టడం ఆగిపోతే ఎగిరేది. ఆగకపోతే మంచంలోనో బట్టల్లోనో ఉంది.

నల్లి

బిడ్డ నల్లి గుడ్డులోంచి వచ్చినప్పుడు ఒకటిన్నర మిల్లీమీటరు, దాదాపు పారదర్శకం. అందుకే 'కనిపించని పురుగు' అన్న ఫిర్యాదుల్లో చాలాసార్లు ఇదే తేలుతుంది. పెద్దది అయిదు నుంచి ఏడు మిల్లీమీటర్లు, చింతగింజ రంగు, అప్పడంలా చదును. అది ఎగరదు, గెంతదు. అయిదు పది నిమిషాల్లో రక్తం తాగి దాక్కుంటుంది. పురుగు కంటే దాని జాడలే ముందు దొరుకుతాయి. పరుపు కుట్ల మడతలు, తలవైపు చెక్క వెనక, నులక మంచమైతే పట్టె, కోడు కలిసే సందులు, నులక ముడులు చూడండి. పాత ఏటీఎం కార్డు అంచును సందులో దూర్చి లాగి చూడండి. పెన్ను సిరా చుక్కల్లా నల్లటి మచ్చలుంటాయి. తడి దూదితో రుద్దితే తుప్పు రంగులో అలుక్కుంటే అది నల్లి మలం, అలుక్కోకపోతే మామూలు మురికి. ఒక మిల్లీమీటరు తెల్లటి గుడ్లు, తేనె రంగు పొట్టులు కూడా ఉంటాయి. చూడటానికి మంచి సమయం రాత్రి రెండు, మూడు గంటల మధ్య. పడకగదిలో ఎవరూ రెండు రోజులు పడుకోకుండా ఉండి ఆ తర్వాత చూస్తే ఆకలితో పైకొస్తాయి.

తేలితే మందు కంటే వేడి నమ్మదగింది. యాభై డిగ్రీల వేడి లోపలి దాకా చేరితే గుడ్లతో సహా చస్తాయి. నులక మంచం సందుల్లో మరిగే నీళ్లు పోసే పాత పద్ధతి నిజంగా పనిచేస్తుంది, కాకపోతే నీళ్లు పొయ్యి మీద నుంచి దించిన వెంటనే పోయాలి. బూరుగు పరుపును ఎండలో వేస్తే పైన కాలుతుంది, నల్లులు కింది వైపుకి జరుగుతాయి. నల్ల పాలిథిన్ పట్టాలో మొత్తం చుట్టి, మూతి కట్టి, మే నెల ఎండలో సిమెంటు డాబా మీద గంటకొకసారి తిప్పుతూ రోజంతా ఉంచితే ఫలితం ఉంటుంది. మబ్బు రోజుల్లో ఇది పనికిరాదు. మందు కొట్టించినా ఒకసారితో అవ్వదు. గుడ్ల మీద చాలా మందులు పనిచేయవు. అవి మన వేడికి వారం పది రోజుల్లో పగులుతాయి కనుక పది నుంచి పద్నాలుగు రోజుల మధ్య రెండోసారి కొట్టాలి. మీ ఇంట్లో రెండుసార్ల మధ్య ఎన్ని రోజులు గడిచాయో మీరు రాయలేదు. మూడు రోజుల తేడాతో కొట్టి ఉంటే అది ఒకసారి కొట్టినట్టే. ఇళ్లలో ఎక్కువగా కొట్టే డెల్టామెత్రిన్ వంటి పైరెత్రాయిడ్ రకం మందులకు నల్లులు చాలాచోట్ల లొంగకుండా తయారయ్యాయి. అదే మందును మళ్లీ మళ్లీ కొట్టడం వల్ల అవి పక్క గదికి చెదరడమే జరుగుతుంది. పొగ పెట్టే డబ్బాలూ అంతే, పొగ సందుల్లోకి పోదు.

గూటి పురుగు

మీ ఇంట్లో అన్నిటికంటే ముందు నేను చూడమనేది ఆ పావురాల గూడు. పక్షుల మీద బతికే నలుసు పురుగులు అర నుంచి ఒక మిల్లీమీటరు ఉంటాయి. రక్తం తాగక ముందు బూడిద తెలుపు, తాగాక ఎరుపు నలుపు. పల్లెల్లో వీటిని కోడిపేలు అంటారు. నాటు కోడి పొదిగిన గంప పక్కన పడుకున్నవాళ్లందరికీ తెలిసిన దురద ఇదే. నిజం కోడిపేను మనిషిని కుట్టదు, కుట్టేది ఎనిమిది కాళ్ల ఈ చిన్న పురుగు. పిల్లలు ఎగిరిపోయి గూడు ఖాళీ అయిన కొద్ది రోజులకే ఆకలితో వెంటిలేటర్ గుండా, కిటికీ సందుల గుండా లోపలికి దిగుతాయి. 'ఉన్నట్టుండి మొదలైంది' అని చెప్పేవాళ్ల ఇళ్లలో గూడు ఎప్పుడు ఖాళీ అయిందో అడిగితే తేదీలు కలుస్తాయి.

చూడటం తేలిక. గూటి కింద కిటికీ చట్రం మీద తెల్ల కాగితం అరగంట ఉంచి తీసి, భూతద్దంతో చూడండి. కదిలే ఎర్రటి, బూడిద రంగు చుక్కలుంటే అదే. వేలితో నొక్కితే ఎర్రటి మరక పడుతుంది. ఇవి మనిషి మీద సంతానం పెంచుకోలేవు. పక్షి లేకపోతే కొన్ని వారాల్లో అంతరిస్తాయి. గుడ్లూ పిల్లలూ లేనప్పుడు, ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు వేసుకుని గూడు మొత్తాన్ని సంచిలోకి తోసి మూతి కట్టి పారేయండి. పావురాల రెట్టను పొడిగా ఊడవకండి, ముందు సబ్బు నీళ్లతో తడిపి తీయండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చెడు. తర్వాత ఆ చోటు వేడి సబ్బు నీళ్లతో కడిగి, వెంటిలేటర్‌కు వల బిగించండి. అటక మీద ఎలుకలుంటే ఇదే జాతి నలుసు పురుగు వాటి మీదా ఉంటుంది. మందు పెట్టి ఎలుకలను చంపిన మూడు నాలుగు రోజులకు ఇంట్లో వాళ్లకు దురద మొదలైతే కారణం అదే, ఎలుక చచ్చాక పురుగు కిందికి దిగింది. ఎలుకను బోనులో పట్టి, గూడు గుడ్డపేలికలు తీసేస్తే సరిపోతుంది.

మినుముల సంచి

దీన్ని చాలామంది పట్టించుకోరు. వరి కోతల తర్వాత అదే మడిలో చల్లిన మినుము, పెసర ఇంటికొచ్చే రోజుల్లో మన వైపు ఈ బాధ పెరుగుతుంది. పప్పుధాన్యంలో గుండ్రటి కన్నాలు పెట్టే పెంకు పురుగు మనల్ని కుట్టదు. కానీ ఆ పెంకు పురుగు పిల్లలను తిని బతికే గడ్డి దురద పురుగు ఒకటుంది. సైజు మిల్లీమీటరులో అయిదో వంతు, కంటికి కనిపించదు. సంచి ఎత్తినప్పుడు, చాటలో చెరిగినప్పుడు, ఎండుగడ్డి మోసినప్పుడు ఒంటి మీద పడి కుడుతుంది. ఆ క్షణంలో నొప్పి తెలియదు. పది నుంచి ఇరవై నాలుగు గంటల తర్వాత నడుము, పొట్ట, వీపు, భుజాల మీద దురద దద్దుర్లు లేస్తాయి, కొన్నిటి మధ్యలో చిన్న నీటి పొక్కు ఉంటుంది. అప్పటికి పురుగు రాలిపోయి ఉంటుంది, కాబట్టి ఎంత వెతికినా దొరకదు. పుస్తకంలో 'నిన్న మధ్యాహ్నం మినుములు తీశాను' అన్న ఒక్క వాక్యమే సాక్ష్యం.

పరీక్ష ఇలా చేయండి. సంచి అడుగు నుంచి రెండు గుప్పెళ్లు తీసి సన్న జల్లెడలో నల్ల కాగితం మీద జల్లించండి. గింజల్లో కన్నాలు, తెల్లటి పొడి ఉంటే అనుమానం బలపడినట్టే. పొడి కదులుతున్నట్టు ఉంటే భూతద్దం పెట్టండి. కదిలేవన్నీ కుట్టేవి కావని మాత్రం గుర్తుంచుకోండి. బియ్యం బస్తాల దగ్గర, తేమ గోడల మీద పరుగెత్తే లేత గోధుమ రంగు బూజు పేలు ఒకటి రెండు మిల్లీమీటర్లుంటాయి, అవి బూజు తింటాయి, మనిషిని ముట్టవు. ముక్క పురుగు, పిండి పురుగు కూడా కుట్టవు. పరుపు దుమ్ములో ఉండే ధూళి పురుగు తుమ్ములు, ఉబ్బసం తెస్తుంది గానీ కుట్టదు.

పరిష్కారం సంచిని పడకగది నుంచి ఇవాళే తీసేయడం. గింజలను గట్టి ఎండలో పలచగా రెండు మూడు రోజులు ఆరబెట్టి, గాలి చొరని డబ్బాలో పోయాలి. కొద్ది పరిమాణమైతే డీప్ ఫ్రీజర్‌లో వారం ఉంచితే చాలు. గోనెసంచిని మరిగే నీళ్లలో ముంచి ఉతకండి. ఈ పని చేసినవాళ్లు వెంటనే స్నానం చేసి బట్టలు వేడి నీళ్లలో వేయాలి.

దీనికి చుట్టం లాంటిది చీమ రూపంలో ఉండే రెక్కలు లేని కందిరీగ. రెండు మూడు మిల్లీమీటర్లు. చెక్కను తొలిచే పురుగుల పిల్లలను వెతుక్కుంటూ వెదురు బుట్టలు, నాసిరకం చెక్క మంచాలు, చెక్క అల్మారాల్లో తిరుగుతుంది. మంచం కింద నేల మీద మెత్తటి చెక్క పొడి రాలుతూ, రాత్రిళ్లు సూదిలా చురుక్కుమని గుచ్చితే, ఒంటి మీద దొరికిన 'చీమ'ను చంపేయకుండా స్పిరిట్‌లో వేయండి. చెక్క కన్నాల్లో మందు పోయించడం, లేదా ఆ చెక్కనే మార్చడం తప్ప దీనికి మరో దారి లేదు.

కుక్క

ఫ్లీ ఒకటిన్నర నుంచి మూడు మిల్లీమీటర్లు, గోధుమ నలుపు, పక్కల నుంచి నొక్కినట్టు సన్నగా ఉంటుంది. వేళ్ల మధ్య నలిపినా చావదు. కుక్కను పేలదువ్వెనతో దువ్వి, రాలిన నల్ల నలకలను తడి తెల్ల కాగితం మీద వేయండి. నలక చుట్టూ ఎర్రటి గోధుమ రంగు వలయం వస్తే అది ఫ్లీ మలం, అంటే అరగని రక్తం. కుక్కను పశువుల డాక్టరుకు చూపించమని ఇంటివాళ్లను అడగడంలో మొహమాటపడకండి, కుక్కకు మందు పడకుండా ఇంటికి మందు కొడితే ఉపయోగం లేదు. కుక్కకు వాడే పెర్మెత్రిన్ మందు పిల్లి ప్రాణం తీస్తుంది, ఇంట్లో పిల్లి ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి. ఫ్లీ గూడు కట్టుకుని నెలల తరబడి కదలకుండా ఉండి, మనుషుల అడుగుల అదురుకి బయటకొస్తుంది. చాలాకాలం తాళం వేసిన అద్దె ఇంట్లో దిగిన రోజే కుట్టడం మొదలైతే కారణం ఇదే. మందు పడ్డాక కూడా రెండు మూడు వారాలు కొత్తవి వస్తుంటాయి, రోజూ ఊడ్చి, చెత్తను మూత కట్టి పారేయాలి. పిడుదులు ఒంటిని పట్టుకుని రోజుల తరబడి అంటుకుని ఉంటాయి కాబట్టి అవి కనిపించకుండా కుట్టే బాపతు కాదు.

కాలాన్ని బట్టి వచ్చిపోయేవి కొన్ని ఉన్నాయి. అక్టోబరు, నవంబరులో వరిచేల నుంచి ట్యూబులైటు కింద రాలే పచ్చ దీపపు పురుగులు రసం కోసం చర్మాన్ని గుచ్చుతాయి, నష్టం లేదు. అదే రోజుల్లో వచ్చే నారింజ, నలుపు పట్టీల సన్నటి పురుగు మాత్రం కుట్టదు, కానీ మెడ మీద నలిపితే దాని ద్రవానికి ఒకటి రెండు రోజుల్లో గీతలా కాలిన పుండు పడుతుంది. ఊది పారేసి, తాకిన చోట సబ్బుతో కడగండి. మామిడి పూత కాలంలో ఒకటి రెండు మిల్లీమీటర్ల తామర పురుగులు లేత రంగు బట్టల మీద వాలి చురుక్కుమనిపిస్తాయి. తీరం వెంట చిత్తడి నేలలున్న ఊళ్లలో తెల్లవారుజామున, సందెవేళ నుసుములు మామూలు దోమతెర కన్నాల్లోంచే దూరతాయి.

పెరటి మునగచెట్టుకు గొంగళి పురుగులు పడితే వాటి నూగు గాలికి ఎగిరి, ఆరేసిన బట్టలకు పడుతుంది. తుప్పల్లో దూలగొండి కాయ నూగు కూడా అంతే. బట్టలు ఎక్కడ ఆరేస్తారో రాయమన్నది ఇందుకే. పలాస వైపు జీడిపిక్కలు కొట్టేవాళ్ల చేతుల మీద పొక్కులకు పిక్కలోని నూనె కారణం, పురుగు కాదు.

ఇప్పుడు మందుల గురించి గట్టిగా ఒక మాట. పురుగుమందుల దుకాణంలో పొలానికి అమ్మే మందును పడకగదిలో కొట్టకండి. ధాన్యానికి పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలను నల్లులకని గదిలో పెట్టడం ప్రాణాంతకం. ఆ గ్యాసు తలుపు సందుల గుండా, గోడ పగుళ్ల గుండా పక్క గదిలో నిద్రపోతున్న పిల్లలను చంపిన సంఘటనలు మన దేశంలో మళ్లీ మళ్లీ జరుగుతున్నాయి. దానికి విరుగుడు మందు లేదు. పరుపు మీద కిరసనాయిలు వద్దు. పసిబిడ్డ ఉన్న ఇంట్లో బట్టల మధ్య కలరా ఉండలు వద్దు, జి సిక్స్ పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే లోపించిన బిడ్డకు ఆ ఆవిరితో రక్తకణాలు చితికిపోతాయి. ఇంకో సంగతి: పైరెత్రాయిడ్ స్ప్రే తగిలిన చర్మం కొన్ని గంటలు, ఒక్కోసారి ఒక రోజు, జివ్వుమంటూ చీమలు పాకినట్టుంటుంది. మందు కొట్టిన రాత్రి ఇంకా ఎక్కువ కుడుతున్నట్టు అనిపిస్తే అది పురుగు కాకపోవచ్చు. దుప్పట్లు ఉతికి, నేల తుడిచి చూడండి.

గజ్జి సంగతి. మొదటిసారి సోకినప్పుడు నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత గానీ దురద రాదు, అందుకే ఎవరి నుంచి వచ్చిందో తెలియదు. డాక్టరు పెర్మెత్రిన్ అయిదు శాతం క్రీము రాస్తే మెడ నుంచి అరికాలి దాకా, వేళ్ల సందులు, గోళ్ల కింద కూడా వదలకుండా రాసి రాత్రంతా ఉంచి కడగాలి, వారం తర్వాత మళ్లీ రాయాలి. ఇంట్లో దురద లేనివాళ్లతో సహా అందరూ ఒకే రోజు రాసుకోకపోతే అది తిరిగి వస్తుంది. పసిపిల్లలకు ఎలా రాయాలో డాక్టరునే అడగండి.

ఒకటి మాత్రం పరీక్షల కోసం ఆగకూడదు. తోటలోనో గడ్డిలోనో తుప్పల్లోనో తిరిగిన వారం, రెండు వారాల్లో జ్వరం, తలనొప్పి వచ్చి, చంకలో, గజ్జలో, నడుము దగ్గర సిగరెట్టుతో కాల్చినట్టు నొప్పిలేని నల్లటి చెక్కు కనిపిస్తే అది స్క్రబ్ టైఫస్ కావచ్చు. తుప్పల్లోని ఒక నలుసు పురుగు పిల్ల కుట్టడం వల్ల వస్తుంది. అదే రోజు రిమ్స్‌కో దగ్గరి ఆసుపత్రికో వెళ్లి ఆ చెక్కును డాక్టరుకు చూపించండి. డాక్సీసైక్లిన్‌తో త్వరగా తగ్గే జబ్బు, ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొస్తుంది.

మీ ఇంటికి వరస ఇది. ఇవాళ మినుముల సంచి, బియ్యం బస్తాలు గది దాటించండి, గూటి కింద కాగితం పరీక్ష చేయండి, మంచం కోళ్లకు గిన్నెలు పెట్టండి. రేపు తెల్ల మేజోళ్లు. వారంలో ఏదో ఒకటి దొరుకుతుంది. దొరికినదాన్ని స్పిరిట్ సీసాలో వేసి నైరా వ్యవసాయ కళాశాలలోని కీటక శాస్త్రం వాళ్లనో, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లనో అడిగి చూడవచ్చు. భూతద్దంలో కాళ్లు లెక్కపెట్టి ఆరా ఎనిమిదా నాకు రాసినా చాలావరకు చెప్పగలను.

నాలుగు వారాలు గిన్నెలు, అట్టలు, టేపులు అన్నీ ఖాళీగా ఉండి, దురద మాత్రం సాగుతుంటే ఇంట్లో వెతకడం ఆపి ఒంట్లో వెతకాలి. ముఖ్యంగా దద్దురు లేకుండా ఒళ్లంతా దురద ఉంటే. కాలేయం, థైరాయిడ్, మూత్రపిండాల జబ్బుల్లో ఇలాంటి దురద వస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు వైపు, అంటే ఉద్దానంలో ఊరున్నవాళ్లయితే రక్తంలో క్రియాటినిన్ పరీక్ష ముందే చేయించుకోవాలి. అక్కడి కిడ్నీ జబ్బు చాలాకాలం ఏ బాధా లేకుండా ముదురుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు టేపు కాగితాలు, నోటు పుస్తకం, ఇప్పుడు వాడుతున్న మాత్రల చీటీ పట్టుకెళ్లండి. కొన్ని బీపీ మాత్రలు, నొప్పి మాత్రలు కూడా దురద తెస్తాయి.